కంచె దాటినంత మాత్రాన కాల్చవచ్చా?

అమ్మా, మీరు అడిగింది ఇది. మీ తమ్ముడు బీఎస్‌ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) కానిస్టేబుల్‌గా ఎంపికై మన యలహంకలో శిక్షణ పొందుతున్నాడు. శిక్షణ ముగిశాక బెంగాల్ సరిహద్దుకు వేస్తారని అనుకుంటున్నాడు. వైట్‌ఫీల్డ్‌లో మీ ఆఫీసు భోజనాల బల్ల దగ్గర ఎవరో అమెరికా సరిహద్దు గస్తీవాళ్ల కాల్పుల వీడియో చూపించి, "కంచె దాటితే కాల్చడమేగా, మరి తుపాకి ఎందుకిచ్చినట్టు?" అన్నారు. ఇంకొకరు లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులు మీద పడినప్పుడు మనవాళ్లు ఎందుకు కాల్చలేదని అడిగారు. ఒంగోలులో ఉన్న మీ అమ్మగారిది వేరే బెంగ: కాలిస్తే జైలు, కాల్చకపోతే ఉద్యోగం ఊడుతుంది, ఎటూ దారి లేదని ఆమెకెవరో నూరిపోశారు. ఇందులో ఏది నిజం?

ఏదీ కాదు. నేను బీఎస్‌ఎఫ్‌లో డిప్యూటీ కమాండెంట్‌గా పదవీ విరమణ చేసి యలహంకలోనే స్థిరపడ్డాను. పంజాబ్ వైపూ, బెంగాల్ వైపూ పనిచేశాను. భోజనాల బల్ల దగ్గర తేలే విషయం కాదు కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు చట్టం. జవానుకు కాల్చే హక్కు యూనిఫాం వల్ల రాదు, సరిహద్దు గీత వల్ల అంతకన్నా రాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్ చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 46వ సెక్షన్. పట్టుకోబోతే తిరగబడేవాణ్ణి, పారిపోయేవాణ్ణి అదుపులోకి తీసుకోవడానికి అవసరమైన బలం వాడవచ్చని అది చెబుతుంది. ఆ వెంటనే ఒక అడ్డు కూడా వేస్తుంది: మరణశిక్షో యావజ్జీవ శిక్షో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ వల్ల రాదు. ఇక అనుమతి లేకుండా దేశంలోకి రావడానికి శిక్ష ఎంత? 2025 నాటి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం గరిష్ఠంగా 5 ఏళ్లు. దొంగసరుకు రవాణాకు కస్టమ్స్ చట్టం కింద గరిష్ఠంగా 7 ఏళ్లు. అంటే కంచె దాటి పరుగెడుతున్నవాణ్ణి, ఆవును తోలుకుపోతున్నవాణ్ణి పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో కాల్చి చంపడం మన చట్టంలో లేదు. మీ ఆఫీసు మిత్రుడికి ఇది చాలు.

మరి తుపాకి ఎందుకు? ప్రాణరక్షణకు. తన ప్రాణమైనా సరే, పక్కవాడిదైనా సరే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ఎదుటివాడి దాడిలో చావో తీవ్ర గాయమో తప్పదన్న సహేతుకమైన భయం ఉంటే, ఆ దాడిని ఆపడానికి ప్రాణం తీసినా నేరం కాదని 38వ సెక్షన్ చెబుతుంది. ఈ హక్కు మీకూ ఉంది, నాకూ ఉంది, జవానుకు ప్రత్యేకంగా ఇచ్చింది కాదు. దానికీ హద్దు ఉంది: రక్షణకు కావలసినదానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్. కత్తి ఎత్తినవాడు కత్తి పడేసి వెనుదిరిగితే, ఆ క్షణాన హక్కు కూడా ముగిసింది. వీపులో తగిలిన గుండుకు సమాధానం చెప్పుకోవడం చాలా కష్టం. పోస్ట్‌మార్టం నివేదికలో మొదట చూసేది గుండు ఎటునుంచి ప్రవేశించిందన్నదే.

సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉంది కదా అని కొందరు అంటారు. అది కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోటనే వర్తిస్తుంది. పశ్చిమ బెంగాల్ సరిహద్దు అలాంటిది కాదు. 2021 అక్టోబరులో బెంగాల్, అస్సాం, పంజాబ్‌లలో బీఎస్‌ఎఫ్ పరిధిని 15 కిలోమీటర్ల నుంచి 50కి పెంచారని పెద్ద రభస జరిగింది గుర్తుందా? అది సోదా, స్వాధీనం, అరెస్టులకు సంబంధించినది. కాల్చే అధికారం దానివల్ల వీసమెత్తు పెరగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సరిహద్దు చూడనివాళ్లకు కంచె అంటేనే సరిహద్దు. కానీ కంచె సరిహద్దు గీత మీద ఉండదు. 1975లో భారత్, బంగ్లాదేశ్ కుదుర్చుకున్న మార్గదర్శకాల ప్రకారం గీతకు ఇరువైపులా 150 గజాల లోపల రక్షణ కట్టడాలు ఉండకూడదు. అందుకని మన కంచె చాలాచోట్ల 150 గజాలు వెనక్కి, మన భూమిలోనే ఉంటుంది. కంచెకు అవతల మన రైతుల పొలాలు ఉంటాయి, కొన్నిచోట్ల ఇళ్లూ ఊళ్లూ కూడా ఉంటాయి. పగలు గేటు తీస్తాం, గుర్తింపు కార్డు చూసి పేరు రాసుకుని పంపుతాం, సాయంత్రం లెక్క చూసుకుని మూస్తాం. పంజాబ్‌లోనూ అంతే, ముళ్లకంచె అవతల గోధుమ చేలు మనవే. కాబట్టి రాత్రి కంచె అవతల కదిలే మనిషి విదేశీయుడన్న నమ్మకం లేదు. మోటారు కట్టేయడం మరిచిపోయి పొలంలో ఉండిపోయిన మన రైతే కావచ్చు.

పొరపాటున దాటేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2025 ఏప్రిల్ 23న పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ దగ్గర రైతులకు కాపలాగా వెళ్లిన మా బీఎస్‌ఎఫ్ జవానే గీత దాటి పాకిస్తాన్ రేంజర్లకు చిక్కాడు. పహల్గాం దాడి జరిగిన మర్నాడు అది. దేశమంతా ఉడికిపోతున్న ఆ రోజుల్లోనూ అతను మే 14న ప్రాణాలతో తిరిగొచ్చాడు. మన శ్రీకాకుళం ప్రాంతపు మత్స్యకారుల సంగతి తెలిసిందే. గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు, 2020 జనవరిలో వాఘా మీదుగా 20 మంది ఇళ్లకు చేరారు. గీత దాటినవాళ్లందరినీ కాల్చేయాలనేవాళ్లు వీళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

బెంగాల్ సరిహద్దులో నాకా, అంటే రాత్రి కాపలా, ఎలా ఉంటుందో చెబితే మీ తమ్ముడి పని మీకు అర్థమవుతుంది. శీతాకాలం రాత్రి, మంచు. కంచె వెంట ఒక్కో పాయింటు దగ్గర ఒకరో ఇద్దరో జవాన్లు. తర్వాతి పాయింటు వాళ్లు కేకేస్తే వినిపిస్తారేమో గాని కనిపించరు. చేతిలో ఒంటి వేడిని బట్టి చీకట్లో మనిషిని చూపించే థర్మల్ ఇమేజర్ ఉంటుంది. అందులో మనిషి తెల్లటి ఆకారంగా కనబడతాడు, అంతే. పిల్లాడో పెద్దవాడో, చేతిలో ఉన్నది వెదురు కర్రో తుపాకో అది చెప్పదు. పశువుల అక్రమ రవాణా ముఠాలు పదిహేను, ఇరవై మందిగా వస్తాయి. వెదురు బొంగులతో తూకపు కొయ్యలాంటిది కట్టి పశువును కంచె మీదుగా ఎత్తి అవతలికి దించడం కూడా ఉంది. కూలీకి వచ్చినవాళ్ల చేతిలో ఇటుకలు, ముందు నడిచేవాళ్ల చేతిలో దావ్ అనే వంపు కత్తి. ముఖం మీద పెద్ద టార్చి వేసి కళ్లు బైర్లు కమ్మేలా చేసి చుట్టుముడతారు. అలా చిక్కిన జవానుకు మిగిలేది రైఫిలే. అతను కాలిస్తే చట్టం అతని వైపే ఉండవచ్చు. కానీ నేను అడిగే ప్రశ్న వేరు: ఇరవైమంది వస్తారని తెలిసిన చోట ఇద్దరిని ఎవరు నిలబెట్టారు?

సరిహద్దులో జరిగే చావుల్లో చాలావాటికి నిర్ణయం ట్రిగ్గర్ మీద వేలు పడినప్పుడు జరగదు. సాయంత్రం నాలుగింటికి బీఓపీలో, అంటే సరిహద్దు ఔట్‌పోస్టులో, కంపెనీ కమాండర్ డ్యూటీ పట్టిక రాసేటప్పుడు జరుగుతుంది. ఎవరిని ఎక్కడ వేశాం, ఎవరి చేతికి ఏమిచ్చాం, సాయం ఎన్ని నిమిషాల్లో చేరుతుంది, ఆ ఊళ్లో ఏ దళారి ఈ రాత్రికి బేరం కుదుర్చుకున్నాడన్న కబురు మనకు ముందే అందిందా. ఇవి సరిగ్గా ఉంటే జవాను వందసార్లలో తొంభైసార్లకు పైగా రైఫిల్ ఎత్తాల్సిన పనే పడదు. ఇది నా లెక్క, ఏ నివేదికలోదీ కాదు.

2011 నుంచి బంగ్లాదేశ్ వైపు ప్రాణాంతకం కాని ఆయుధాలకే మొదటి స్థానం ఇవ్వాలన్న విధానం వచ్చింది. రబ్బరు గుళ్లు కాల్చే పంప్ యాక్షన్ గన్నులు, పెద్ద చప్పుడూ వెలుగూ ఇచ్చే స్టన్ గ్రెనేడ్లు, మిరప ఘాటు షెల్లులు వచ్చాయి. మంచిదే. కాకపోతే వీటికీ తంటాలు ఉన్నాయి. పంప్ యాక్షన్ గన్ను దగ్గర నుంచి తగిలితే ప్రాణమే తీయగలదు, దూరం నుంచి తగిలితే చొక్కా కూడా చిరగదు. చీకట్లో, మంచులో ఆ దూరం అంచనా వేయడం మాటలు కాదు. మనవాళ్లు రైఫిల్ వాడరని తెలిశాక ముఠాలు మీద పడి కొట్టడం ఎక్కువైందని జవాన్లు అంటారు, నిజమే, గాయపడి ఆసుపత్రి పాలైన కుర్రాళ్లను నేనే చూశాను. అయినా పాత పద్ధతికి వెళ్లాలనే వాళ్లతో నేను ఏకీభవించను. ఎందుకో చెప్పాలంటే ఫెలానీ గురించి చెప్పాలి.

2011 జనవరి 7. కూచ్‌బెహార్ జిల్లా సరిహద్దు, తెల్లవారుజాము, మంచు. పదిహేనేళ్ల ఫెలానీ ఖాతూన్ తండ్రితో కలిసి మన దేశం నుంచి బంగ్లాదేశ్‌లోని సొంతూరికి తిరిగి వెళుతోంది, పెళ్లి కోసం. దళారులు కంచెకు వెదురు నిచ్చెన వేశారు. తండ్రి దాటాడు. ఆ పిల్ల బట్టలు ముళ్లతీగలో చిక్కుకున్నాయి. భయంతో కేక వేసింది. మా జవాను కాల్చాడు. శవం గంటల తరబడి కంచెకు వేలాడింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ పిల్ల లోపలికి రావడం లేదు, బయటికి వెళుతోంది. చేతిలో ఆయుధం లేదు. ఇందాక చెప్పిన ఏ సెక్షన్‌లో ఇరికించినా ఆ కాల్పులు ఇమడవు. జవాను మీద విచారణ బీఎస్‌ఎఫ్ సొంత కోర్టులోనే, జనరల్ సెక్యూరిటీ ఫోర్స్ కోర్టులో జరిగింది. 2013 సెప్టెంబరులో నిర్దోషి అన్నారు. పునఃపరిశీలన చేయమంటే 2015 జూలైలో మళ్లీ నిర్దోషి అన్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది.

ఇక్కడ మీ అమ్మగారి భయానికి వస్తాను. సరిహద్దు గస్తీని బీఎస్‌ఎఫ్ చట్టం 'క్రియాశీల విధి'గా లెక్కిస్తుంది. మామూలుగా పౌరుణ్ణి చంపిన కేసు సాధారణ క్రిమినల్ కోర్టుకే వెళ్లాలి. క్రియాశీల విధిలో జరిగితే మాత్రం దళం తన సొంత కోర్టులో విచారించుకోవచ్చు. అందులో కూర్చునేవాళ్లు కూడా దళం అధికారులే. అందువల్ల కాల్చిన ప్రతివాడూ జైలుకు పోతాడన్నది అబద్ధం. నా మటుకు నాకు దీనివల్ల జవానుకు మేలు జరుగుతుందన్న నమ్మకం లేదు. నిజంగా ప్రాణం కాపాడుకోవడానికే కాల్చిన కుర్రాడికి కూడా 'మీవాళ్లే వదిలేశారు' అన్న మాట జీవితాంతం అంటుకుని ఉంటుంది. బయటి న్యాయమూర్తి నిర్దోషి అంటే ఆ మాట ఎవరూ అనలేరు. ఇలా అన్నందుకు నా బ్యాచ్‌వాళ్లు కొందరు నాతో వాదనకు దిగుతారు, దిగనివ్వండి.

కాల్చకపోతే ఉద్యోగం పోతుందన్నది మరీ అన్యాయపు మాట. నాకాలో నిద్రపోతే, పోస్టు వదిలిపోతే, ముఠాలతో చేతులు కలిపితే శిక్ష పడుతుంది. తప్పించుకుపోతున్న పశువుల కూలీని కాల్చనందుకు శిక్ష పడిన జవాను నాకు తెలిసి ఒక్కడూ లేడు. పై అధికారి చెప్పాడన్నది కూడా పూర్తి రక్షణ కాదు. చట్టం శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినందుకే.

ఇక అమెరికా వీడియో. అక్కడి బోర్డర్ పెట్రోల్ 1924లో పుట్టింది, మన బీఎస్‌ఎఫ్ 1965 డిసెంబరు 1న. వాళ్లకూ 'కంచె దాటితే కాల్చు' అన్న చట్టం లేదు. పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో, ప్రమాదకారి కాని మనిషి మీద ప్రాణాంతక బలం వాడరాదని 1985లో టెనెసీ వర్సెస్ గార్నర్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ చిక్కంతా రాళ్లదీ, వాహనాలదీ. 2010 జూన్‌లో ఎల్‌పాసో దగ్గర, కాంక్రీటు కాలువకు అమెరికా వైపున ఉన్న ఏజెంటు కాల్చిన గుండుకు మెక్సికో వైపున ఉన్న పదిహేనేళ్ల సెర్హియో హెర్నాండెస్ చనిపోయాడు. రాళ్లు రువ్వారని ఏజెంటు పక్షం, పిల్లలు ఆడుకుంటున్నారని కుటుంబం పక్షం. గీతకు అటువైపు చనిపోయినవాడి తల్లిదండ్రులు ఇటువైపు ఏజెంటు మీద నష్టపరిహార దావా వేయలేరని 2020లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. మన దగ్గర దళం కోర్టు అడ్డు, అక్కడ గీతే అడ్డు.

ఆ దేశం నుంచి మనం నేర్చుకోదగ్గది కూడా ఉంది. వాళ్ల కాల్పుల కేసుల్ని బయటి పోలీసు నిపుణుల సంస్థ ఒకటి 2013లో తిరగేసింది. కొందరు ఏజెంట్లు కదులుతున్న వాహనానికి కావాలనే అడ్డంగా నిలబడి, ప్రాణభయమని కాల్చారని అది తేల్చింది. రాళ్లు పడే చోటునుంచి పక్కకు తప్పుకునే వీలున్నా తప్పుకోకుండా కాల్చారనీ చెప్పింది. 2014లో నిబంధనలు మార్చారు. 2025 మేలో బార్న్స్ వర్సెస్ ఫెలిక్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా కాల్చిన ఆ క్షణాన్ని మాత్రమే చూస్తే సరిపోదని, అంతకు ముందు జరిగినదంతా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. అది టెక్సాస్‌లో కారు ఆపిన పోలీసు కేసు, సరిహద్దుది కాదు. అయినా నేను పైన డ్యూటీ పట్టిక గురించి మొత్తుకున్నది ఈ విషయమే.

గల్వాన్ సంగతి క్లుప్తంగా. అక్కడ ఉన్నది సైన్యం, ఎదురుగా ఉన్నది చైనా సైన్యం, కాబట్టి లెక్క వేరు. రెండు దేశాల అధీనంలోని భూములను వేరుచేసే వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపరాదని చైనాతో 1996 ఒప్పందం. 2020 జూన్ 15 రాత్రి మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది ప్రాణాలు వదిలారు. ఆయుధాలు దగ్గర ఉన్నాయని, ముఖాముఖి ఘర్షణల్లో వాటిని వాడకపోవడం ఎన్నాళ్లుగానో ఉన్న ఆనవాయితీ అని విదేశాంగ మంత్రి అప్పుడే చెప్పారు. ఒక్క గుండు పేలితే అది అక్కడితో ఆగదన్న భయం ఆ ఒప్పందం వెనుక ఉంది. అందులో లాభమెంత, నష్టమెంత అన్నది వేరే చర్చ.

చివరిగా మీ తమ్ముడికి పనికొచ్చే మాటలు. ఎప్పుడైనా కాల్చవలసి వస్తే ఆ తర్వాతి గంట చాలా ముఖ్యం. వెంటనే వైర్‌లెస్ సెట్ మీద కబురివ్వాలి. గాయపడినవాడు ఎవరైనా సరే ముందు వైద్యం. ఖాళీ తూటా పడిన చోటునుంచి కదపకూడదు. కాల్చిన ప్రతి రౌండుకూ లెక్క చెప్పాలి. 'గాల్లోకి రెండు కాల్చాను' అంటే గాల్లోకి పోయిన ఆ రెండింటి ఖాళీ తూటాలూ అక్కడే ఉండాలి. పోలీసులు వస్తారు, ఎఫ్‌ఐఆర్ అవుతుంది, శవపంచనామా అవుతుంది. బంగ్లాదేశ్ మనిషి అయితే వాళ్ల సరిహద్దు దళం బీజీబీతో ఫ్లాగ్ మీటింగ్, అంటే సరిహద్దు దగ్గర ఇరుదళాల అధికారుల సమావేశం, జరుగుతుంది. దళం లోపల నిజానిజాలు తేల్చే విచారణ సంఘం (కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ) కూర్చుంటుంది. అందులో అతని వాంగ్మూలం తీసుకుంటారు.

మన తెలుగు కుర్రాళ్లు దెబ్బతినేది అక్కడే. హిందీ మాట్లాడటం ఆరు నెలల్లో పట్టుబడుతుంది, రాయడం రాదు. వాంగ్మూలాన్ని పక్కన కూర్చున్న రైటర్ (గుమాస్తా) హిందీలో రాసేస్తాడు, ఇతను కింద సంతకం పెడతాడు. 'నా వైపు పరుగెత్తుకొచ్చాడు' అని ఇతను చెబితే అక్కడ 'పరుగెత్తాడు' అని పడిందనుకోండి, కేసే తలకిందులు. తనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడిగే హక్కు అతనికి ఉంది, కాని కొత్త కానిస్టేబుల్ నోరు తెరిచి అడగడు. అందుకని హిందీ రాయడం ఇప్పుడే నేర్చుకోమనండి. నాలుగు బెంగాలీ ముక్కలు కూడా నేర్చుకుంటే, కంచె దగ్గర కేక వేసినప్పుడు ఎదుటివాడికి అర్థమవుతుంది. ఆదివారం అవుట్‌పాస్ దొరికితే మా ఇంటికి పంపండి, ఉదయం పది తర్వాత ఎప్పుడైనా సరే. కాగితం, కలం నేనే ఇస్తాను.